బాపయ్య పేరు రాసిన పెట్టె

పద్నాలుగేళ్ళలో నేను కట్టిన పెట్టెల్లో ఒక్క విగ్రహానికీ ముక్కు విరగలేదు. గొప్పలు చెబుతున్నాడంటారేమో, అవును, గొప్పే చెబుతున్నాను. తెనాలిలో బొమ్మలు చేసేవాళ్ళు బోలెడుమంది. ఆ బొమ్మని రైల్లో వేసినా, బస్సు టాపు మీద వేసినా, చెవి తమ్మె కూడా రాలకుండా చేర్చేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ముత్తయ్య కట్టిన పెట్టె అంటే బాపట్ల దాకా పేరు. మా శిల్పి పాండురంగారావుగారు బొమ్మకి ప్రాణం పోస్తే, ఆ ప్రాణాన్ని కొన్నవాళ్ళ ఇంటిదాకా నిలబెట్టేది నేను. ఈ మాట ఆయన ఎదుట ఎప్పుడూ అనలేదనుకోండి.

డెబ్భైమూడులో, చలి ఇంకా పోని రోజుల్లో, నిజాంపట్నం నుంచి వెంకయ్య అనే కులపెద్ద వచ్చాడు. కార్తీకంలో వాళ్ళ పడవ ఒకటి సముద్రంలో తిరగబడిందట. ముగ్గురు ఒడ్డుకి చేరారు. ఆ ముగ్గురికీ చెక్క అందించిన బాపయ్య మాత్రం రాలేదు. శవం కూడా దొరకలేదు. పల్లె అంతా కలిసి అతని బొమ్మ చేయించి, తల్లి రత్తాలు గుమ్మం పక్కన పెట్టాలనుకున్నారు. పాండురంగారావుగారు ఫొటో చూసి, నెల తిరిగేసరికి ఛాతీ దాకా ప్లాస్టరు బొమ్మ పోసి రంగు వేయించారు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, నవ్వబోయి ఆగినట్టున్నాడు.

ముక్కుకీ చెవులకీ దూది పెట్టి, మొహానికి మెత్తటి పాత పంచె చుట్టి, పైన వరిగడ్డితో పేనిన వెంటి బిగించాను. పెట్టెలో ఊక పోసి, బొమ్మని వెల్లకిలా పడుకోబెట్టి, మళ్ళీ ఊక కూరి మూత కొట్టాను. ఆ రోజు గోనెపట్టా చాల్లేదు. కొత్త తెల్లగుడ్డ చుట్టి దబ్బనంతో కుట్టాను. పైన ఎర్రసిరాతో 'బాపయ్య, నిజాంపట్నం' అని రాశాను. మా ఆర్డర్ల పుస్తకంలో ఆ పేరుతోనే ఉంది మరి. పెట్టె ఎంత కళగా ఉందో అని నాలో నేనే మురిసిపోయాను.

వారం తిరక్కుండా వెంకయ్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. 'మీరు పంపిన బొమ్మకు ముక్కు ఊడినది, మొహం చెడినది.'

"ఏం మావా, పద్నాలుగేళ్ళ ముక్కు ఊడిందంటగా?" అన్నాడు రంగులు వేసే యలమంద. వాడి నవ్వు చూస్తే ఒళ్ళు మండిపోయింది.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. కట్టడంలో లోపం వల్ల బొమ్మ పాడైతే కొత్తది చేసిచ్చే పూచీ మాది. కొన్నవాళ్ళ చేతిలో పాడైతే మాకు సంబంధం లేదు. "వెళ్ళి చూసి రావయ్యా. తప్పు ఎవరిదో నువ్వే చెప్పు. నీ మాట మీదే ఉంటాను" అన్నారు పాండురంగారావుగారు.

చెప్పక ఊరుకుంటానా? మర్నాడు పొద్దున్నే రేపల్లె రైలెక్కాను. అక్కణ్ణుంచి నిజాంపట్నం బస్సు. దారి పొడుగునా ఎవణ్ణి ఎలా కడిగెయ్యాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

పల్లెలో పందిరి కింద నా పెట్టె ఉంది. తెల్లగుడ్డ మీద ఎర్రసిరా కిందికంటా కారింది. చెయ్యి పెట్టి ఊక తీసి వాసన చూశాను. పులిసిపోయింది. బాపయ్య మొహం పక్కనే చాప మీద ఉంది. నానిన ప్లాస్టరు చుట్టిన పంచెకి అంటుకుని ముక్కుతో సహా వచ్చేసింది. ఒక కన్ను మాత్రం మిగిలింది.

"వాన చుక్క లేని రోజుల్లో ఈ నీళ్ళెక్కడివయ్యా?" అని అరిచాను. "పెట్టెని కాలవలో ముంచి తెచ్చారా ఏంటి? నా కట్టుకి వంకలు పెడతారా?"

వెంకయ్య తల దించుకున్నాడు. గుడిసెలోంచి రత్తాలు వచ్చింది. సన్నటి మనిషి, నడినెత్తిన కొంగు.

"ఎవురూ ముంచలేదు బాబూ. నేనే పోశాను. పదకొండు బిందెలు."

"పోశావా? ప్లాస్టరు బొమ్మకి నీళ్ళు పోశావా?"

"నాకేం తెలుసు బాబూ. తెల్లగుడ్డలో వచ్చాడు. పైన వాడి పేరు రాసుందని పెద్దాయన చదివి చెప్పాడు. నాలుగు నెల్లు ఉప్పునీళ్ళల్లో ఉన్నోడు. మంచినీళ్ళు పొయ్యకుండా గుమ్మంలోకి ఎట్టా తెమ్మంటావు?"

వాళ్ళకి మంచినీళ్ళ బావి మైలు దూరం. పదకొండుసార్లు వెళ్ళి మోసుకొచ్చి పోసింది. ఆ రాత్రి పెట్టె పక్కనే పడుకుందట. తెల్లారి పల్లె పెద్దలంతా వచ్చాక మూత తీశారట.

"నా చేతుల్తో నేనే పాడుచేసుకున్నాను. వాడు రెండోసారి కూడా నీళ్ళల్లోనే పోయాడు" అని ఆమె కూలబడి ఏడ్చింది. దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నాకు పనికిరాలేదు. చచ్చిపోయినవాడి పేరు రాసి, తెల్లగుడ్డ చుట్టి, వెల్లకిలా పడుకోబెట్టి పంపినవాణ్ణి నేను. తల్లి పేరు రాయాలని తట్టలేదు నా వెధవ బుర్రకి.

తెనాలి వచ్చి పాండురంగారావుగారి ముందు నిలబడ్డాను. యలమంద కుంచె ఆపి చూస్తున్నాడు.

"తప్పు నాదేనండి. ఊక తడిగా ఉంది. చూసుకోకుండా కూరాను."

ఆయన చేతిలో పని పక్కన పెట్టారు. "తడి ఊకా? నువ్వా?"

"అవునండి."

కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రకుంక కూడా చెయ్యని తప్పు అది. ఒప్పుకుంటుంటే ప్రాణం పోయినంత పనయింది. పూచీ ప్రకారం కొత్త బొమ్మ చేస్తానన్నారు. ఉప్పుగాలికి ప్లాస్టరు ఆగదు, సిమెంటుతో పొయ్యండని బతిమాలాను. పోశారు. ఆనాటి నుంచి నేను కట్టే ప్రతి పెట్టెలోనూ ఆయన చెయ్యి పెట్టి ఊక తడిమి చూసేవారు. అంత అవమానం నా జన్మలో ఎరగను.

రెండో బొమ్మని గోనెలో కట్టి, పైన 'రత్తాలమ్మ గారికి' అని రాసి, నేనే తీసుకెళ్ళాను. గుడిసె బయట కట్లు విప్పి, పీట మీద నిలబెట్టాను. ఈసారి బాపయ్య మొహం వాకిలి వైపు ఉంది. రత్తాలు దూరంగా నిలబడిపోయింది, దగ్గరికి రావడానికి భయం.

"ఇది సిమెంటమ్మా. ఎన్ని నీళ్ళయినా ఏం కాదు. పొయ్యి."

నమ్మలేనట్టు నా వంక చూసింది. నేనే బిందె ఎత్తి ఆమె చేతికిచ్చాను. చెంబుతో ముంచి, ముందు భుజాల మీద పోసింది. తర్వాత చెవుల వెనక వేళ్ళతో రుద్దింది. తల మీద పోసేముందు ఎడమ చెయ్యి వాడి నుదుటికి అడ్డం పెట్టింది.

"కళ్ళు మూసుకో నాయనా" అంది.

నేను రెండో బిందెకి బావి దగ్గరికి నడిచాను.