పక్కసీటు బ్రేకు

ఆ కారు కొన్నది మార్చి పధ్నాలుగున. షోరూము నుంచి నేరుగా ఇంటికి రాకుండా, మాస్టారూ ఆయన భార్యా ఊరి చివర ఓ చెట్టు నీడన ఆపుకుని, కొత్త సీట్ల మీద రాలకుండా ఒళ్లో కాగితం పరుచుకుని రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు. నడిపింది ఆవిడే. కాలేజీలో హాలు నిండా కుర్రాళ్లకు పాఠం చెప్పగలిగిన మాస్టారికి స్టీరింగు పట్టుకుంటే చేతులు చల్లబడేవి.

ఆవిడ పోయాక కారు మెట్ల పక్కన అలాగే నిలబడిపోయింది. మొన్న దాన్ని మరదలు అడిగింది. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు కట్టే నర్సు ఆమె. బస్సులు మారలేక అలిసిపోతోంది.

“తీసుకెళ్లు అమ్మాయ్, నాకెందుకు?” అన్నారు మాస్టారు.

“ఊరికే ఇస్తే నాకొద్దు బావా. రేపు చిన్న గీత పడితే నీకు మొహం చూపించలేను. బ్యాంకు లోను ఇస్తానంది. వాళ్ల మనిషి వచ్చి ఎంతంటే అంత.”

బ్యాంకు కాదంటే కారు ఏ దళారి చేతికో పోవాలి. ఏ ముక్క ఊడి ఏ బండిలో చేరుతుందో! అది తలుచుకుంటేనే మాస్టారి గుండె కలుక్కుమనేది.

బండికి ధర కట్టడానికి బ్యాంకు పంపిన వాల్యుయేటరు పొద్దున్నే మరదలితో కలిసి వచ్చాడు. వంక పెట్టడానికే వచ్చిన ఆడపడుచులా కారు చుట్టూ తిరిగాడు. జేబులోంచి అయస్కాంతం తీసి తలుపులకు ఆనించి చూశాడు. సొట్టను పూడ్చి రంగేసిన చోట అది అతుక్కోదట.

“బాడీ శుభ్రంగా ఉందండీ. టైర్లే గట్టిపడ్డాయి. బండిని కదలకుండా ఉంచితే అంతే.”

“తిప్పితే విలువ తగ్గదా?”

“తిప్పినా తగ్గుతుంది, నిలబెట్టినా తగ్గుతుంది. మనుషులం మాత్రం పెరుగుతున్నామా ఏంటండీ?”

మాస్టారికి ఆ మాట నచ్చింది. కానీ పక్కసీటు తలుపు తెరిచేసరికి వాల్యుయేటరు మొహం మారిపోయింది. కాళ్ల కింద మ్యాటు ఒకచోట అరిగి చిల్లి పడింది. డ్రైవరు వైపు మ్యాటు మాత్రం చెక్కుచెదరలేదు.

“ఇది డ్రైవింగ్ స్కూల్లో తిరిగిన బండా?”

“అబ్బే, లేదండీ!”

“నేర్పేవాడి కాలి కింద కూడా ఓ బ్రేకు బిగిస్తారు. అరిగేది సరిగ్గా ఇక్కడే. అమ్మేముందు పెడల్ పీకేస్తారు. నేర్చుకునేవాళ్లు చితక్కొట్టిన బండికి మా బ్యాంకు చిల్లిగవ్వ ఇవ్వదు.”

టార్చి వేసి బోల్టుల రంధ్రాల కోసం వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. “పూడ్చేసి రంగు కొడతారు కొందరు,” అన్నాడు, నమ్మకం కుదరక.

మరదలు బావ వైపు చూసింది. మాస్టారి చెవులు వేడెక్కాయి. చెబితే నవ్వులపాలు, చెప్పకపోతే కారు దళారిపాలు.

“సరే, ఇంజను సంగతి చూద్దాం, ఎక్కండి,” అన్నాడు వాల్యుయేటరు.

మాస్టారు పక్కసీట్లో కూర్చున్నారు. ఆవిడ పోయాక అందులో కూర్చోవడం అదే మొదలు. మరదలు వెనక ఎక్కింది. వీధి మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. మాస్టారి కుడికాలు దభీమని మ్యాటు మీద పడింది. ఇంకాస్త ముందుకెళ్లాక ఎవరో సైకిలు అడ్డం తిప్పారు. మళ్లీ దభీమని శబ్దం. వాల్యుయేటరు తల తిప్పి ఆ కాలి వైపే చూశాడు.

వెనకనుంచి మరదలు పకపకా నవ్వింది. “అయ్యో బావా, నిజమేనా! ‘బండి ఆగేది మీ బావ కాలితోనే’ అని అక్క అంటుంటే ఎగతాళి అనుకున్నా!”

వాల్యుయేటరు కారు పక్కకు తీసి ఆపాడు. “ఎన్నాళ్లనుంచండీ ఇది?”

“కొన్న రోజునుంచీ.”

“ఆవిడ ఊరుకునేదా?”

“ఊరుకోవడమా! ‘ఇంకాస్త గట్టిగా నొక్కండి, మీమీదే ప్రాణాలు పెట్టుకున్నాను’ అనేది.”

ముగ్గురూ నవ్వారు. అందరికంటే ముందు మాస్టారి నవ్వు ఆగిపోయింది. ఇందాక కాలు పడగానే ఆయన చెవి ఆ మాట కోసం చూసింది. ఇంజను చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

వాల్యుయేటరు ఆయన మొహం చూశాడో లేదో గానీ, జేబులోంచి పెన్ను తీశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు: “స్కూలు బండి కాదని రాస్తానండీ. మ్యాటు ఖరీదు మాత్రం తగ్గిస్తాను. ఉద్యోగం కదా.”

“తగ్గించండి బాబూ, తగ్గించండి,” అన్నారు మాస్టారు.

లోను వచ్చింది. ఓ సాయంత్రం మరదలు తాళం తీసుకుంది.

“ఎక్కు బావా, ఓ చుట్టు తిరిగొద్దాం.”

“ఇంకోసారి వస్తాలే. పొద్దున్నే నీకోసం ఎవరో మంచంలో కళ్లు కాయలు కాచేలా చూస్తుంటారు.”

ఆమె బలవంతపెట్టలేదు. వెనక ఎర్రదీపాలు వీధి చివర ఒక్క క్షణం ఎక్కువే ఆగి, ఆ తర్వాత మలుపు తిరిగాయి. ఆ క్షణం తనకోసమే అనుకున్నారు మాస్టారు.

మెట్ల పక్కన ఇన్నాళ్లూ ఎండ తగలని నేల నల్లగా మిగిలింది. దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి లోపలికొచ్చారు. వంటింట్లో గ్లాసు కడిగి బోర్లించారు. లోపల నిద్ర చెడడానికి ఎవరూ లేకపోయినా, చప్పుడు కాకుండా వీధి తలుపు వేసి గడియ పెట్టారు.