పేడనీళ్ల బకెట్టు

అంబలి అడుగంటకుండా తిప్పుతూ తిప్పుతూనే నేను జర్మన్ నేర్చుకున్నాను. ఒక చేతిలో గరిటె, చెవిలో ఫోను వైరు. చోడిపిండి ఉడికేలోపు ఒక పాఠం అయ్యేది. మిగతావి బట్టలుతుకుతూ, మిరియాలు ఎండబోస్తూ, డ్యూటీ అయ్యాక జీపు కోసం నిలబడి నేర్చుకున్నాను. కూర్చుని మాత్రం చదవలేదు. నేను కూర్చుంటే చాలు, ఈ ఇంట్లో ఎవరికో ఒకరికి మంచినీళ్లు కావాలని గుర్తొస్తుంది.

అరకు నుంచి లోపలికి, కాఫీ తోటల మధ్య మా ఊరు. పక్క ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అందులో నేను కాంట్రాక్టు నర్సుని. మా ఆయన ఫల్గుణ ఆశ్రమ పాఠశాలలో మాస్టారు. ఆస్పత్రిలో డాక్టరు గారు, నేను కాన్పు చేసి చేతులైనా కడుక్కోకముందే, "భానూ, టీ" అంటారు. పక్కనే మగ నర్సు సురేంద్ర కాలు మీద కాలేసుకుని ఫోను చూసుకుంటుంటాడు, అతన్ని అడగాలని ఆయనకి తోచదు. ఇంటికి రాగానే మా ఆయన కూడా "భానూ, టీ" అంటాడు. రెండుచోట్లా పెట్టేదాన్ని. ఆ రెండు టీలకీ మధ్య జీపులో గడిచే కాసేపే నాది. నర్సులకి భాష నేర్పించి జర్మనీ పంపిస్తున్నారని మా సీనియర్ కృపావతి సిస్టర్ చెప్పింది ఆ జీపులోనే. నవ్వి ఊరుకున్నాను. ఆ రాత్రి అందరి కంచాలూ కడుగుతుంటే, నేనెందుకు నవ్వానో నాకే అర్థం కాలేదు. మర్నాడే పేరిచ్చాను.

తెల్లారగట్ల పొయ్యి దగ్గర నేను నాలో నేను గొణుక్కోవడం చూసి మా అత్త రత్నాలు హడలిపోయింది. కోడలికి ఏదో పట్టిందనుకుంది. ఎవరికీ చెప్పకుండా పోయి దిసారిని తీసుకొచ్చింది. పూజలూ, గాలి చేష్టలూ మా కొండల్లో ఆయనే చూస్తాడు. ఆయన ఒక నల్లకోడిని పక్కన పెట్టుకుని, కళ్లు మూసుకుని, నా గొణుగుడంతా ఓపిగ్గా విన్నాడు. చివరికి, "ఇది దెయ్యం కాదు రత్నాలూ, సదువు. దీనికి నాకాడ మందు లేదు" అని చెప్పి కోడిని మాత్రం పట్టుకుపోయాడు. కోడి పోయినందుకు అత్త నన్ను వారం రోజులు తిట్టింది.

ఆ తిట్లు సద్దుమణిగాక ఒక పొద్దున తనే వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. "ఏటే అది? ఒకటే మాట మళ్లీ మళ్లీ నములుతన్నావు?"

"వో టూట్ ఎస్ వే. అంటే, నీకెక్కడ నొప్పి అని అత్తా. రోగిని ముందు అదే అడగాలి."

పొయ్యిలోకి ఒక పుల్ల ఎగదోసింది. "నన్నోపాలి అడుగు."

అడిగాను. మోకాలు చూపించింది. మళ్లీ అడగమంది. నడుం చూపించింది. మూడోసారి అడిగితే చీర పక్కకి జరిపి ఎడమ భుజం కింద ఎముక చూపించింది. అక్కడ ఎముక వంకరగా అతుక్కుని ఉంది. "మీ మావ. కల్లు తాగొచ్చి. నీ మొగుడు అప్పుడు నా సంకనున్నాడు" అంది. చీర సర్దుకుంది. పెళ్లయి ఇన్నేళ్లలో ఈ ఇంట్లో ఆ ప్రశ్న నన్నూ ఎవరూ అడగలేదు.

పరీక్ష పాసయ్యాను. ఒక పెద్దాస్పత్రిలో ఉద్యోగం ఖాయమైంది. ఏడాది తిరిగాక మా పాప సౌందర్యని కూడా తీసుకెళ్లొచ్చన్నారు. ఆ కబురు చెప్పినప్పుడు మా ఆయన అన్నం కలుపుకుంటున్నాడు. "జర్మనీ సంగతి తర్వాత, ముందు ఈ కూరలో ఉప్పు సంగతి సూడు" అన్నాడు. మళ్లీ చెప్తే అప్పుడు తలెత్తాడు. "అక్కడికెల్లి ముసిలోళ్ల ముడ్డి కడుగుతావా? మాస్టారి పెళ్లానివి, సిగ్గులేదూ?" మా మావ భీమన్న పక్షవాతంతో మంచాన పడితే, పోయేదాకా కడిగింది నేనే. ఆ మంచం వైపు ఆయన కొడుకు ముక్కు మూసుకుని కూడా రాలేదు. అప్పుడది కోడలి ధర్మం. ఊరంతా మెచ్చుకుంది, ఆ మెచ్చుకోలు కూడా మా ఆయన ఖాతాలోనే పడింది, ఎంత మంచి పెళ్లాన్ని తెచ్చుకున్నాడో అని. అదే పని అక్కడ చేస్తే ఉద్యోగమంటారు. పనిగంటలు ఉంటాయి, సెలవులు ఉంటాయి, చేసిన మనిషికి పేరు ఉంటుంది. ఇదంతా ఆయనతో అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని, "పంపను" అని లేచిపోయాడు. నన్ను బాధపెట్టింది ఆ మాట కాదు, అత్త మాట. "గుంటని వదిలీసి ఎల్లిపోయే తల్లిని నేనెక్కడా సూడ్లేదు" అంది తల తిప్పుకుని. సౌందర్యకి ఎనిమిదేళ్లు. దాన్ని పక్కలో పడుకోబెట్టుకుని, దాని జుట్టు వాసన చూస్తూ ఎన్ని రాత్రులు మానేద్దామనుకున్నానో.

నా ప్రయాణం సరిగ్గా ఇటుకల పండగలో పడింది. చైత్రంలో వచ్చే ఈ పండక్కి మా మగాళ్లు విల్లంబులు పట్టుకుని వేటకి పోతారు. అడవిలో దొరికేదేమీ లేదు, ఫారెస్టువాళ్లు ఊరుకోరు కూడా, అయినా పోవడం మానరు. వాళ్లు లేనన్నాళ్లూ ఊరు ఆడవాళ్లది. రోడ్డుకి అడ్డంగా వెదురు వాసం పెట్టి, ఆడిపాడి, ఎంత పెద్ద బండైనా ఆపి పండగ మామూలు తీసుకుంటారు. ఇంకో ఆచారం కూడా ఉంది. వేట లేకుండా ఉత్త చేతులతో ఊళ్లోకొచ్చిన మగాడి మీద పేడనీళ్లు పోస్తారు. ఆ భయానికి ఏట్లో ఒక పీతనైనా పట్టుకుని గాని ఎవడూ తిరిగి రాడు.

మా ఆయన విల్లు భుజాన వేసుకుంటూ నవ్వాడు. "ఊరికి ఒకటే రోడ్డు. వాసం మా యమ్మ చేతిలో ఉంటాది. ఎలాగెల్తావో సూస్తాను."

నన్ను తీసుకెళ్లే అద్దె కారు వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. అత్త పాపని తీసుకుని తెల్లారకుండానే వెళ్లిపోయింది. సౌందర్య గౌను ఒకటి దండెం మీద వేలాడుతుంటే దాన్ని మొహానికి అదుముకుని ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని పెట్టె కారులో పెట్టాను.

మలుపు తిరగగానే వాసం కనపడింది. ఒక చివర మా అత్త. రెండో చివర సౌందర్య, వేళ్లు తెల్లబడేలా పట్టుకుని. కారు ఆగింది, పాట ఆగింది. ఆడవాళ్లంతా అత్త వైపే చూస్తున్నారు. నేను దిగాను.

అత్త చెయ్యి చాపింది. "మామూలు ఇయ్యి."

పర్సు తెరవబోయాను. "అదొద్దు. ఆ మాట అడుగు."

"వో టూట్ ఎస్ వే, అత్తా?" అన్నాను.

"ఈయేళ నాకెక్కడా నొప్పి లేదే" అంది. "గుంట నాకాడుంటాది. నేనేటి పులినా, తినేత్తానా? దానికీ నేర్పించు ఫోన్లో, ఆ బాస. పొయ్యి కాడ కాదు, కూకోబెట్టి నేర్పించు." సౌందర్యని ఎత్తుకుని ముద్దులు పెట్టుకున్నాను. అది నా చెవిలో, "అమ్మా, నేను గట్టిగా పట్టుకున్నాను గదా, ఇప్పుడు లేపాలంట" అని చెప్పి, పరిగెత్తి మళ్లీ తన చివర పట్టుకుంది. వాసం లేచింది, నేను కారెక్కాను.

కారు అవతలికి దాటిందో లేదో, వెనక మోటారు సైకిలు చప్పుడు. కారొచ్చిందని ఎవరు ఫోను చేశారో, వేట మధ్యలో వదిలేసి మా ఆయన వచ్చేస్తున్నాడు. వెనక్కి తిరిగి చూసేసరికి వాసం దిగిపోయి ఉంది.

"అమ్మా, లెగదియ్యి! అదెల్లిపోతంది!"

"వేట ఏదిరా?" అంది మా అత్త.

"ఇప్పుడు వేటేటి, నీకు మతి పోయిందా? పెళ్లాం ఎల్లిపోతంటే..."

ఆవిడ వంగి పేడనీళ్ల బకెట్టు అందుకుంది. ఎముక వంకరగా అతికిన ఆ భుజంతోనే ఎత్తింది. కిటికీ అద్దం దించుకుని ఉన్నాను కాబట్టి ప్రతి మాటా నాకు వినపడింది.

"వేటకెల్లింది అదిరా. ఉత్త చేతుల్తో వచ్చినోడివి నువ్వు."

నీళ్లు పడ్డ చప్పుడు, ఆ వెంటనే కొండంతా మోగేలా ఆడవాళ్ల నవ్వు, అందులో నా కూతురి నవ్వు. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి, ఆపమంటారా అన్నాడు.

"బేగి పోనీ అన్నా" అన్నాను.