గ్లాస్‌హౌస్‌లో థైమ్ దొంగ

మూడో రోజు కూడా థైమ్ తగ్గింది.

నవత కుండీల ముందు గొంతుక్కూర్చుని కొమ్మలు పరీక్షించింది. మేక నమిలితే చివర్లు చిరిగిపోతాయి. ఇవి గోటితో గిల్లినట్టు తెగాయి. మనిషి పనే.

1994 జనవరి. యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగం వెనక గ్లాస్‌హౌస్‌లో ఉన్న ఆ నాలుగు కుండీలే ఆమె పీహెచ్‌డీ. థైమ్ ఘాటు వాసనుండే విదేశీ మొక్క, హైదరాబాదు ఎండకు ఆగదు. వేసవి రాకముందే ఆకు కోసి, నూనె తీసి, అందులో థైమాల్ అనే మందు పదార్థం ఎంతుందో తేల్చాలి. ఆకు చాలకపోతే మళ్లీ చలికాలం దాకా ఆగాలి. స్కాలర్‌షిప్పు అంతకాలం ఆగదు.

"లోపలికి ఎవరొస్తున్నరు పరుశురాం?"

తోటమాలి బీడీ చెవి వెనక దోపుకున్నాడు. "ఎవరొస్తరు మేడం? గడ్డి దొంగతనం జేసేటోడు ఇంకా పుట్టలే."

"గడ్డి కాదు. కడుపుల గ్యాసుకు పన్జేస్తది."

"అట్లయితే మీ డిపార్ట్‌మెంటంత అనుమానమే."

నవత నవ్వలేదు. నేరుగా గైడు దగ్గరికి వెళ్లింది. ప్రొఫెసర్ విష్ణువర్ధన్‌ది అనంతపురం. జర్మనీలో చదివొచ్చి తార్నాకలో ఇల్లు కట్టుకున్నారు. ఆమె ఐదో చాప్టరు ముందేసుకుని, ఒక చేత్తో ఎర్రపెన్ను, ఇంకో చేత్తో పొట్ట పట్టుకుని కూర్చున్నారు.

"ఏమ్మా, థైమాల్ పేగు కండరాన్ని సడలిస్తుందని రాసినావు, సరే. అది జంతువుల పేగు ముక్కల మీద చూసిందని కూడా రాసినావు, మంచిదే. మధ్యలో ఈ వాము ఎందుకొచ్చింది?"

"రెండిట్ల ఉండేది అదే థైమాల్ సార్. కడుపుబ్బరానికి ఇండ్లల్ల వాడేది కూడా..."

"ఎగ్జామినరు చూస్తే మన ల్యాబు వంటింట్లో ఉందనుకుంటాడు. తీసెయ్."

వాము మీద ఎర్రగీత పడింది. దొంగతనం సంగతి విని, "చానా ఘోరం," అన్నారు, తలెత్తకుండా.

మర్నాడు తెల్లవారుతుండగా నవత ఫెర్న్ కుండీల వెనక నక్కి, పరుశురాం చేత బయట తాళం వేయించుకుంది.

కాసేపటికి తాళం తెరుచుకుంది. కాన్వాస్ బూట్లు, మంకీ క్యాప్. ఆ మనిషి తిన్నగా థైమ్ దగ్గరికొచ్చి రెండు రెమ్మలు గిల్లి నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకుని నమిలాడు. ఆగాడు. ఒక తేన్పు వచ్చింది. గాజు పలకలు దాన్ని ఒకసారి తిప్పి పంపాయి. ఆ మొహంలో ప్రశాంతత చూశాక నవత తన గైడును గుర్తుపట్టింది. అంతకుముందెప్పుడూ ఆయన్ను అలా చూడలేదు.

ఆయన తాళం వేసుకుని వెళ్లిపోయారు. పరుశురాం వచ్చి తీశాడు.

"దొరికిండా మేడం?"

"దొరకలే."

పట్టిస్తే దొంగతోపాటు గైడు కూడా పోతాడు. గైడు పోతే సంతకం పోతుంది. పైగా ఆయన కష్టం ఆమెకు అర్థమైంది. జర్మనీలో చదివిన ప్రొఫెసర్ తార్నాక కిరాణా కొట్టులో నిలబడి వాము అడగలేడు. థైమ్ అయితే పరిశోధన.

ఆ సాయంత్రం వారాసిగూడ ఇంట్లో పెద్దమ్మ వాము వేయిస్తూ అడిగింది, "ఎవరికే కడుపునొప్పి?"

"మా సార్‌కు."

"గంత పెద్ద సార్‌కు వాము ఎర్క లేదా?"

"ఎర్కనే పెద్దమ్మా. అడగనీకె సిగ్గు."

నవత ఆ వామును యూనివర్సిటీకి తెచ్చి, ల్యాబు సీసాలో పోసి, మూత బిగించి, చీటీ అంటించింది: 'ట్రాకీస్పెర్మమ్ అమ్మీ. థైమాల్ గల విత్తనాలు. వేయించినవి.' వాము శాస్త్రీయ నామం అదే. సీసాను థైమ్ కుండీ పక్కన పెట్టి ఇంటికెళ్లింది.

పొద్దున్నే వచ్చి చూస్తే సీసా లేదు. థైమ్ ఒక్క ఆకు కూడా తగ్గలేదు. ఆ పూటే ఆకంతా కోసి నూనె తీయడం మొదలుపెట్టింది. ఆకు సరిపోయింది.

మధ్యాహ్నం గైడు పిలిపించారు. ఐదో చాప్టరు సంతకంతో సహా సిద్ధంగా ఉంది. కొట్టేసిన చోట 'ఉంచవచ్చు' అని రాసి, వాము అన్న మాట తీసి లాటిన్ పేరు పెట్టారు.

"థాంక్యూ సార్."

ఆయన సొరుగులోంచి ఖాళీ సీసా తీసి ఆమె ముందుకు జరిపారు. మొహంలో ఏ మార్పూ లేదు.

"ఒక్క స్యాంపిల్‌తో ఏమీ తేలదమ్మా. రిపీట్ చెయ్యాల. ఈసారి రవ్వంత ఉప్పు కలుపు."