బెల్టు తీసిన పేజీలు

నేను ఒక బొమ్మల కథల పుస్తకాన్ని. జపాన్‌లో నా జాతిని మాంగా అంటారు. మా బొమ్మలకు కదలిక పెట్టి టీవీలో చూపిస్తే అది అనిమే. అదేదో మాకు ప్రమోషన్ వచ్చినట్టు జనం మాట్లాడతారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఎందుకో వినండి.

నాలో చియో అనే పదేళ్ళ పిల్ల ఉంది. భోజనాల దగ్గర అన్నం గిన్నె ఒలకబోస్తుంది. తండ్రి బెల్టు తీసి కొడతాడు. చివరి బొమ్మలో పిల్ల నేల మీద ముడుచుకుని ఉంటుంది. నన్ను గీసినావిడకు ఆ నాలుగు పేజీలకే ఒక చలికాలం పట్టింది. టీవీవాళ్ళు వచ్చి నన్ను తెగ మెచ్చుకున్నారు, ఆ నాలుగు పేజీలూ ఎత్తేశారు. వాళ్ళ బొమ్మల్లో చియో మోచేతికి కట్టుతో బడికి వచ్చి "సైకిల్ మీంచి పడ్డాను" అంటుంది. అంతే. చూసే పిల్లలు బాధపడతారట. దెబ్బలు తినే పిల్లల సంగతి ఎవరూ అడగలేదు.

నేను ఇంగ్లీషులోకి మారి హైదరాబాదు చేరాను. ఒక ఇంజినీరింగ్ కుర్రాడు చదివేసి అబిడ్స్ ఫుట్‌పాత్ మీది ఆదివారం బజారులో అమ్మేశాడు. అక్కడ నన్ను కొన్నది భ్రమరాంబ. యాభై దాటిన మనిషి, ముప్పై ఏళ్ళుగా డబ్బింగులో చిన్నపిల్లలకు గొంతు ఇస్తోంది. ఆ టీవీ బొమ్మలకు తెలుగులో చియో గొంతూ ఆవిడదే. ఆ నాలుగు పేజీల దగ్గర ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివింది.

మర్నాడు స్టూడియోలో నన్ను మేనేజరు కిరీటి ముందు పెట్టింది. "ఈ పిల్ల పడలేదండీ బాబూ, తండ్రి కొట్టాడు. మన తెలుగులోనైనా ఆ ముక్క చెబుదాం."

నన్ను కుడి నుంచి ఎడమకు చదవాలి. కిరీటి తెలుగు పుస్తకం తెరిచినట్టే ఎడమ నుంచి తిప్పుకుంటూ పోయాడు. అతని కళ్ళ ముందు ఏడుస్తున్న పిల్ల లేచి నిలబడింది, తండ్రి బెల్టు నడుముకు పెట్టుకున్నాడు, ఒలికిన అన్నం గిన్నెలోకి వెళ్ళిపోయింది.

"ఏముంది మేడమ్ ఇందులో? పాప పడింది, లేచింది, నాన్నతో కూర్చుని అన్నం తింది. చక్కటి ఫ్యామిలీ కథ!"

టీవీవాళ్ళు నెలల తరబడి కష్టపడి చేసిన పనిని ఇతను బొటనవేలితో చేసేశాడు. భ్రమరాంబ నన్ను లాక్కుని సరైన వైపు నుంచి చూపించింది. అతని ముఖం మాడిపోయింది. "అయినా సరే, రాసిందే చెప్పండి. ఒక్క మాట మారినా ఛానల్‌వాళ్ళు ఒప్పుకోరు."

ఆవిడ మైకు ముందు నిలబడింది. మాట మార్చలేదు. "సైకిల్ మీంచి..." అని ఆగింది. గుటక వేసింది. "పడ్డాను" అంది గబగబా, ఇంట్లో నేర్పి పంపిన పాఠం అప్పజెప్పినట్టు.

"ఇంత దిగులొద్దు మేడమ్. ఇంకోసారి హుషారుగా."

"నాకు ఇలాగే వస్తుందండి. హుషారు కావాలంటే ఇంకొకర్ని పిలుచుకోండి." ఆ మైకు పెట్టిన తిండి తింటున్న మనిషి అంది ఆ మాట. నాకు ఒళ్ళు పులకరించింది.

కిరీటి రికార్డింగ్ చేసే యాదగిరి వైపు తిరిగాడు. "అది చెరిపెయ్."

యాదగిరి కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాడు. "నేను చెరప సార్. చిన్నప్పుడు బడిల నేను గూడ గిట్లనే చెప్పిన, చెట్టు మీదికెల్లి పడ్డనని. మా సారు నమ్మిండు."

ఆ సాయంత్రమే పంపాల్సిన ఎపిసోడ్ కావడంతో కిరీటి విసుక్కుంటూ అదే పంపేశాడు. మాటలు రాసినవి రాసినట్టే ఉన్నాయి గనుక ఛానల్‌వాళ్ళకు ఏమీ కనిపించలేదు. తరువాతి సీరియల్‌కు భ్రమరాంబను పిలవలేదు. ఆవిడ వెళ్ళి అడగనూ లేదు.

ఆ రోజు స్టూడియో నుంచి వెళ్తూ నన్ను యాదగిరికి ఇచ్చింది. ఆ ఎపిసోడ్ టీవీలో వచ్చిన రోజు అతను నన్ను కూతురి ఒళ్ళో పెట్టి ఆ నాలుగు పేజీలూ చూపించాడు. తొమ్మిదేళ్ళ పిల్ల, వేలు పెట్టి ఒక్కో బొమ్మా చూసింది.

"టీవీల సైకిల్ మీంచి పడ్డ అన్నది గద బిడ్డా. నమ్మినవా?"

"నమ్మలే నాయినా" అంది ఆ పిల్ల. "గొంతు ఇంటే తెల్వదా?"