సారు అన్నాకే అనాలి

మా అక్క కూతురు దుర్గకు ఇంగ్లీషు నేర్పిన పుణ్యాత్ములు ఇద్దరు. ఆ ఇద్దరి మీదా నాకు కోపమే.

భద్రాచలం కోచింగ్ సెంటర్‌లో మొదటాయన అమెరికా వాళ్లలా పలకాలన్నాడు. నీళ్లను ‘వాడర్’ అనాలని బోర్డు మీద తెలుగు అక్షరాల్లో రాసి మరీ వల్లె వేయించాడు. అది పిల్ల నోటికి పట్టేలోపే ఆయన మానేసి పోయాడు. తర్వాత సత్తుపల్లి నుంచి ఉదయ్ భాస్కర్ వచ్చి, బోర్డంతా తుడిచేసి, లండన్ పద్ధతి అంటూ ‘వోట’ అని రాశాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. దుమ్ముగూడెం అవతల మా ఊళ్లో బోరింగు కింద బిందె పెడితే ఏ పేరూ చెప్పకుండానే నిండుతుంది.

ఇంట్లో మేం మాట్లాడేది కోయ. బడికెళ్లి నేర్చుకున్నది తెలుగు. ఈ సారు దాన్నీ వదల్లేదు. దుర్గ ‘ఏంది సార్’ అంటే ‘ఏమిటండీ’ అనమని దిద్దేవాడట. ‘వచ్చిండు’ అంటే క్లాసంతా నవ్వేదట. ఇంగ్లీషు చెప్పడానికి ఫీజు తీసుకున్నవాడికి మా తెలుగుతో ఏం పనో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

క్లాసులో ఆయన పద్ధతి ఒకటే. ఆయన ఒక మాట అనాలి, అందరూ కలిసి అదే అనాలి. ఆయన అనకముందు నోరు తెరిస్తే తప్పు ఉచ్చారణ అలవాటైపోతుందట. దుర్గ ఎంత బాగా అనేదంటే, కళ్లు మూసుకుని వింటే సారే మాట్లాడుతున్నట్టు ఉండేది.

ఖమ్మంలో నేను నర్సుగా చేసే దవాఖానాలో రిసెప్షన్ ఉద్యోగం ఖాళీ అయింది. దుర్గకు అది కావాలి. రాకపోతే వాళ్లమ్మతో మళ్లీ మిరప తోటల్లో కూలికి పోవాలి. మేనేజర్ వెంకటరామారావు గారిని బతిమాలి ఇంటర్వ్యూకు పిలిపించాను. పిల్ల బెదురుతుందని ఆయన నన్ను కూడా తలుపు దగ్గర నిలబడమన్నాడు.

ఆయన ఇంగ్లీషులో పేరు అడిగాడు. దుర్గ నిటారుగా నిలబడి ఆ ప్రశ్ననే ఆయనకు తిరిగి అప్పజెప్పింది. వినపడలేదేమోనని ఆయన మళ్లీ అడిగాడు. ఇది మళ్లీ అప్పజెప్పింది, ఆయన సాగదీసిన చోట సాగదీసి. ఎక్కడ చదివావంటే ఎక్కడ చదివావు అంది. నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మేనేజర్ గారు నవ్వలేదు. ఉచ్చారణ చక్కగా ఉందని మెచ్చుకుని, ఇంగ్లీషు పక్కన పెట్టి తెలుగులోనే చెప్పమన్నాడు.

“కడుపునొప్పితో ఒక ముసలమ్మ వచ్చిందనుకో. ఆమెతో ఏమంటావమ్మా?”

ఇంతకన్నా సులువైన ప్రశ్న ఉంటుందా? ముసలివాళ్లను సముదాయించడంలో మా ఊళ్లో దుర్గ తర్వాతే ఎవరైనా.  కానీ దుర్గ తల తిప్పి నా నోటివైపు చూసింది. నేను ముందు అంటే తను అంటుందన్నమాట. మేనేజర్ గారు కాసేపు చూసి, కబురు చేస్తామన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు.

బస్టాండు దాకా తిడుతూనే ఉన్నాను. తెలుగు కూడా రాదానే, నోరు పడిపోయిందా అన్నాను.

“వచ్చు చిన్నమ్మా,” అంది మెల్లగా. “‘ఏమైంది అవ్వా, గిట్ల కూసో’ అందామనుకున్న. నా తెలుగు తప్పని సారు చెప్పిండు గదా. అది గూడ తప్పేమోనని అనలే.”

 పిల్లను బస్సెక్కించి వచ్చేశాను.

ఉద్యోగం తల్లాడ నుంచి వచ్చిన ఒక అమ్మాయికి ఇచ్చారు. ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది, పాపం ఆ పిల్లను ఏమీ అనలేను. కౌంటర్ ముందు కడుపు పట్టుకుని ముసలమ్మలు నిలబడే ఉంటారు. వార్డులోంచి పరుగున వచ్చి నేను కూసోమనేదాకా వాళ్లను కూసోమనేవాళ్లు లేరు.