చెరువులకు వాపస్

ఆ రాక్షసబల్లి చావలేదని పెంటమ్మ చచ్చేదాకా నమ్మింది. చచ్చిందని మొగుడు ఇస్సాకు చెప్పినా నమ్మలేదు. ఇన్నేళ్లూ అతని కడుపులో మండుతున్నది అదే.

నలభై ఐదేళ్ల కిందట మేడ్చల్ డేరా టాకీసులో ఆడిన పరదేశపు సినిమా అది. మాటలు ఎవరికీ అర్థం కావు. అందుకని మిషను నడిపే బాలేష్ మైకు పట్టుకుని కథ చెప్పేవాడు. సముద్రాన్ని శామీర్‌పేట చెరువు చేశాడు. అక్కడి పట్నాన్ని సికింద్రాబాద్ చేశాడు. "లేచింది సూడుండ్రి. అల్వాల్ దాటింది. పొయ్యి మీద కూరుంటే దించి రాండ్రి" అనేవాడు. అప్పటికి పెండ్లికాని పెంటమ్మ ఆడినన్నాళ్లూ చూసింది.

పెండ్లయి మచ్చ బొల్లారం వచ్చాక, ఇస్సాకు కోపంతో లేస్తే చాలు, "లేచింది సూడుండ్రి" అనేది, అచ్చం ఆ గొంతుతోనే. పకపకా నవ్వేది. ఇస్సాకు పంతంకొద్దీ సికింద్రాబాద్ పోయి ఆ సినిమా చూసొచ్చాడు. చివర్లో ఆ జంతువు మంటల్లో నీళ్లలోకి కూలి చచ్చింది. ఆ సంగతి చెప్తే పెంటమ్మ అన్నం వడ్డిస్తూ, "బాలేషన్న అబద్ధం జెప్తడా? వాపస్ చెరువులకు పోయింది" అంది.

ఆమె పోయి రెండేళ్లు. శామీర్‌పేట ఫంక్షన్ హాల్లో ఆ సినిమా మళ్లీ వేస్తున్నారని, బాలేషే కథ చెప్తాడని కూతురు క్రిస్టీనా చెప్పింది. ఇస్సాకు ఇస్త్రీ చొక్కా తొడిగాడు. అది చచ్చిందని వాడి నోటితోనే అనిపించాలి.

హాలు నిండింది. బల్లి తోలు మడతల్లో లోపలి మనిషి మోకాళ్లు తెలిసిపోతున్నాయి. అయినా పిల్లలు తల్లుల కొంగులు వదల్లేదు. తెర పక్కన పండ్లూడిన బాలేష్, "అల్వాల్ దాటింది" అన్నాడు. క్రిస్టీనా పకపకా నవ్వింది. తల్లి నవ్వే.

చివరికి జంతువు మంటల్లో కూలింది. బాలేష్ మైకు దగ్గరకు లాక్కున్నాడు.

"సావలే. అలిసిపోయింది. చెరువుల పండుకుంటాంది."

చప్పట్లు మోగాయి. జనం పలచబడ్డాక ఇస్సాకు పోయి ఎదురుగా నిలబడ్డాడు.

"అది సచ్చింది."

"సచ్చిందన్నా," బాలేష్ తాపీగా ఒప్పుకున్నాడు. "అప్పట్ల మాకు ఆఖరి రీలు రాలే. జనం కొడ్తరని అట్ల జెప్పిన. గదే అలవాటైంది."

"నా పెండ్లాం నమ్మింది. పెంటమ్మ. మేడ్చల్ల రోజూ ముందటి వరసల కూసునేది."

బాలేష్ మైకు వైరు చుడుతూ ఆలోచించాడు. "మస్తు మంది వస్తుండిరి. యాదికొస్తలేదన్నా."

వాడికి ఆమె పేరైనా తెలియదు. ఇస్సాకు ఇన్నేళ్లూ వాడితో పోటీ పడ్డాడు. వాడు పోటీకి రాకుండానే గెలిచాడు. తెలిసి గెలిచి ఉంటే కనీసం తిట్టడానికి ఉండేది.

కూతురు స్కూటీ వెనక కూర్చున్నాడు. చెరువు పక్కకు వచ్చాక అన్నాడు.

"వాడే ఒప్పుకున్నడు. సచ్చిందట."

"నీ మొఖం జూసి భయపడి అట్లన్నడు నాయినా. బాలేష్ చిన్నాయిన మైకుల అబద్ధం జెప్తడా?"

ఇస్సాకుకు ఒళ్లు మండింది. నోరెత్తబోయాడు. ఎత్తితే కూతురు తల్లి గొంతుతో ఏ మాట అంటుందో తెలిసి, మూసుకున్నాడు.