దండ మేకులు

భద్రమ్మ అద్దం మీద నోటితో ఆవిరి ఊది, పాత పేపరు ఉండతో తుడుస్తోంది. ఎంత తుడిచినా ఓ మూల మసక పోవడం లేదు. ఆ మసక అద్దానిదో తన కంటిదో ఆమెకు తెలియదు.

సూర్యాపేటలోని ఆ ఫ్రేముల షాపులో పందొమ్మిదేళ్లుగా ఇదే పని. ఎముకలు తేలిన చేతుల నిండా అద్దం అంచులు గీసిన సన్నని గాట్లు. ఎప్పుడో సుత్తి దెబ్బకు చితికిన ఎడమ బొటనవేలు వంకరగానే అతుక్కుంది. అందుకే ఆమె కొట్టే ప్రతి మేకూ కొంచెం ఎడమకు ఒరుగుతుంది.

షాపుకు ఒక పద్ధతి ఉంది. దేవుళ్ల పటాలకు పైన నడుమ ఒక మేకు. పోయినవాళ్ల ఫొటోలకు దండ వేయడానికి పై మూలల్లో రెండు. బతికున్నవాళ్ల ఫొటోలకు ఏమీ కొట్టరు.

ఆమె ఇంట్లో భర్త రామనర్సయ్య ఫొటో ఉంది. రేషన్ కార్డులోని బొమ్మను పెద్దది చేయించి తనే ఫ్రేము కట్టింది. దండ మేకులు మాత్రం కొట్టలేదు. పదకొండేళ్ల కిందట అతను గొర్రెలను తోలుకుని కృష్ణా నది దాటి మేతకు పోయాడు. తిరిగొచ్చేటప్పుడు కోదాడలో బీడీలు తెచ్చుకుంటానని మంద దగ్గర నుంచి వెళ్లాడట. తోటివాళ్లతో గొర్రెలు ఇల్లు చేరాయి. అతను చేరలేదు. శవాన్ని చూసినవాళ్లు లేరు, మనిషిని చూసినవాళ్లూ లేరు. అప్పటినుంచి పొద్దు గూకగానే గడప పక్కన అతని కాళ్లకని ఇత్తడి చెంబుతో నీళ్లు పెడుతుంది. తెల్లవారి ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తుంది.

ఇవాళ పొద్దున అలా పోస్తుంటేనే బావగారి కొడుకు నగేష్ వచ్చి నిలబడ్డాడు.

"చిన్నమ్మా, బాపు మంచం దిగుతలేడు. తమ్ముని దినం సెయ్యకుండనే పోతనేమో అని ఒకటే ఏడుపు. ఆదివారం పెట్టుకున్నం. పొద్దుమీకి వస్త, చిన్నాయిన ఫొటోకు మేకులు కొట్టి పెట్టు."

"సచ్చిండని సూసినోడు లేడు నగేషూ."

"పదకొండేండ్లాయె. ఇంకెవలు సూడాలె?"

"నేనైతే కొట్ట" అంది. నగేష్ తల దించుకుని వెళ్లిపోయాడు.

"అవ్వా, ఇంకా ఆ అద్దాన్నే అరగదీస్తున్నవా? కోదాడ మేడం రెండుసార్లు ఫోన్ చేసింది" అని గల్లా దగ్గర నుంచి షాపు యజమాని సుధాకర్ కేకేశాడు.

"అయిపోయె సేటూ."

ఆ మేడం ఇచ్చినవి పెద్ద పేరున్న చిత్రకారుడి బొమ్మల ప్రింట్లు ఐదు. నాలుగింటికి ఫ్రేములు అయ్యాయి. ఎర్రకొండలు, తల లేని ఎద్దు, ఏమిటో తెలియని రెండు. ఐదోది గొంగడి కప్పుకుని నిలబడ్డ గొర్రెలకాపరి. ముఖం ఉండాల్సిన చోట ఉత్త మట్టిరంగు. భద్రమ్మ దాన్ని కాసేపు చూసి, అద్దం పెట్టి, వెనక అట్ట బిగించి, సుత్తి అందుకుంది.

బొమ్మలు గోడకు బిగించడానికి సుధాకర్‌తో పాటు బయల్దేరి, ట్రాలీ ఆటోలో ఆ ఫ్రేమును ఒడిలో పెట్టుకుని కూర్చుంది. కోదాడ రాగానే ప్రతి పాన్ డబ్బా దగ్గరా నిలబడ్డ మగవాళ్లను చూసుకుంటూ పోయింది.

కోదాడ మేడం భాగ్యశ్రీ కొత్త ఇంట్లో గోడలన్నీ తెల్లగా ఉన్నాయి. నాలుగు బొమ్మలు ఎక్కేదాకా ఆవిడ ముఖం వెలుగుతూనే ఉంది. ఐదోది అందుకుని ఆగిపోయింది.

"ఏంటమ్మా ఈ మేకులు? పోయినోళ్ల ఫొటోకి కొట్టినట్టు కొట్టారు! గృహప్రవేశమై నెల కూడా కాలేదు."

"చేతి అలవాటు మేడం" సుధాకర్ నవ్వబోయాడు.

"అలవాటైతే మిగతా నాలుగింటికీ ఉండాలిగా?"

"నేను కొట్టలే" అంది భద్రమ్మ. ఫ్రేము దగ్గరికి వచ్చి చూసింది. రెండు మేకులూ ఎడమకు ఒరిగి ఉన్నాయి.

సుధాకర్ పట్టకారుతో పీకి ఆమె చేతిలో పెట్టాడు. కన్నాల్లో మైనం నింపాడు. భాగ్యశ్రీ మెత్తబడి ఆమెకు టీ తెచ్చిచ్చింది.

"మొకం ఎందుకు ఎయ్యలేదమ్మా?" అని అడిగింది భద్రమ్మ.

"మోడరన్ ఆర్ట్ కదా. ఎవరి ముఖం కావాలంటే వాళ్లది అనుకోవచ్చు."

టీ చల్లారిపోయింది. తిరుగుదారిలో ఆమె పాన్ డబ్బాల వైపు చూడలేదు. కొంగు ముడిలోని మేకులను వేళ్లతో తడుముతూ కూర్చుంది.

సాయంత్రం నగేష్ వచ్చేసరికి ఫొటో గోడ దిగి ఆమె ఒళ్లో ఉంది. కొంగు ముడి విప్పి, మసాలా నూరే రాయితో రెండు మూలల్లో రెండు మేకులు కొట్టింది. నాలుగేసి దెబ్బలు. నగేష్ వాకిట్లోకి చూస్తూ నిలబడ్డాడు.

"కొట్టనంటివి గద చిన్నమ్మా."

"నేను కొట్టలే కొడుకా. చేతులు ముందుగాలనే కొట్టినయ్."

అతను ఫొటోను తువ్వాలలో చుట్టుకుని ఎదకు ఆనించుకుని పోయాడు. మలుపు తిరిగేదాకా ఆమె చూసింది.

పొద్దు గూకింది. అలవాటుగా చెంబు నిండా నీళ్లు ముంచి గడప దాకా తెచ్చింది. అక్కడే కాసేపు నిలబడింది. తర్వాత నీళ్లన్నీ కరివేపాకు మొదట్లో వంపేసి, లోపలికి పోయి తలుపు దగ్గరకు వేసుకుంది.

గడప పక్కన, పదకొండేళ్లుగా నీళ్లతో నిలబడ్డ చోటే, చెంబు బోర్లించి ఉంది.